జిమ్నాస్టిక్స్ మాటలను ఇంగ్లీషు నుంచి స్పానిష్‌లోకి ఎలా మార్చాలి

కొన్నేళ్ల క్రితం ఒక జిమ్నాస్టిక్స్ స్కూల్ వాళ్లు పిల్లల తల్లిదండ్రుల కోసం రాసుకున్న చిన్న పుస్తకాన్ని స్పానిష్‌లోకి మార్చిపెట్టమని నాకు పంపారు. అందులో 'మీ పాప బ్యాగులో చాక్ ఉండాలి' అని ఒక వాక్యం ఉంది. చాక్ అంటే సుద్ద. సుద్దను స్పానిష్‌లో తీసా అంటారు. నేను అదే రాసి పంపేశాను. కొన్నాళ్లకు అక్కడి కోచ్ ఫోన్ చేశారు. ఇద్దరు తల్లులు బ్లాక్‌బోర్డు మీద రాసే సుద్దముక్కల డబ్బాలు కొని పిల్లలతో పంపారట. జిమ్నాస్టులు చేతులకు పూసుకునే తెల్లపొడి మెగ్నీషియం కార్బొనేట్. స్పానిష్ జిమ్‌లో దాన్ని మగ్నేసియా అంటారు. తీసా అని ఎవరూ అనరు.

పొరపాటు చిన్నదే, సుద్దముక్కల వల్ల ఎవరికీ దెబ్బ తగలలేదు. అయితే అదే పుస్తకంలో గాల్లో ఎన్నిసార్లు తిరగాలి, ఎలా దిగాలి, ఎవరు ఎక్కడ నిలబడి పట్టుకోవాలి అనే వాక్యాలు కూడా ఉన్నాయి. అవి తప్పుగా రాసి ఉంటే? ఆ భయంతోనే ఈ ఆట మాటలను కూర్చుని శ్రద్ధగా నేర్చుకున్నాను. స్పానిష్ చదువుకుని అనువాదాలు చేస్తున్న తెలుగువాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. హైదరాబాద్‌లోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో స్పానిష్ డిగ్రీ కోర్సు ఉంది. అలాంటివాళ్ల చేతికి క్రీడల పని వచ్చినప్పుడు ఉపయోగపడుతుందని నా పద్ధతి రాస్తున్నాను.

ముందుగా లిపి గురించి ఒక మాట. స్పానిష్‌లో త, ద మన త, ద లాగే పళ్లకు నాలుక తగిలించి పలుకుతారు. ఇంగ్లీషు ట, డ లాగా కాదు. అందుకని ఇక్కడ స్పానిష్ మాటలన్నీ త, ద తోనూ, ఇంగ్లీషు మాటలు ట, డ తోనూ రాస్తాను. ఏ మాట ఏ భాషదో చూడగానే తెలుస్తుంది. స్పానిష్‌లో వి అనే అక్షరాన్ని బ లాగే పలుకుతారు కాబట్టి అక్కడ బ రాశాను.

మొదటి పని: ఏ దేశం కోసమో అడగండి

పని ఒప్పుకునే ముందే ఈ ప్రశ్న అడగాలి. 'స్పానిష్‌లోకి' అని మాత్రమే చెబితే అది సగం సమాచారమే. ఈ ఆటలో స్పెయిన్ మాటలు వేరు, మెక్సికో మాటలు వేరు, అర్జెంటీనా మాటలు వేరు. పరికరాల పేర్లే మారిపోతాయి.

బ్యాలెన్స్ బీమ్‌ను తీసుకోండి. అయిదు మీటర్ల పొడవు, పది సెంటీమీటర్ల వెడల్పు ఉండే దూలం అది. స్పెయిన్‌లో దాన్ని బార్రా దే ఎకిలీబ్రియో అంటారు, అంటే సమతూకపు కమ్మీ. లాటిన్ అమెరికాలో ఎక్కువగా బీగా దే ఎకిలీబ్రియో అంటారు. బీగా అంటే అచ్చంగా దూలమే. స్పెయిన్ పిల్ల 'ఈ రోజు బార్రా మీద పడ్డాను' అంటే బీమ్ మీద నుంచి పడిందని అర్థం. మెక్సికోలో అదే మాట వింటే కమ్మీల మీద నుంచి పడిందేమో అనుకునే వీలుంది.

ఫ్లోర్ స్పెయిన్‌లో స్వేలో, లాటిన్ అమెరికాలో చాలాచోట్ల పీసో, మెక్సికోలో మానోస్ లీబ్రెస్ అని కూడా అంటారు. మానోస్ లీబ్రెస్ అంటే ఖాళీ చేతులు. ఏ పరికరమూ పట్టుకోకుండా చేసేది అని కాబోలు, నాకు చాలా నచ్చిన పేరు. రింగ్స్ స్పెయిన్‌లో అనీయాస్, మెక్సికోలో అనీయోస్, చిలీలో అర్గోయాస్. పైన రెండు పిడులుండే పామెల్ హార్స్ స్పెయిన్‌లో కబాయో కోన్ ఆర్కోస్, అట్లాంటిక్ అవతల కబాయో కోన్ అర్సోనెస్. ఆర్కో అంటే విల్లులాంటి వంపు. అర్సోన్ అంటే గుర్రపు జీను వంపు. రెండూ ఆ పిడుల ఆకారం చూసి పెట్టినవే.

మిగతా పరికరాలతో అంత ఇబ్బంది లేదు. అన్‌ఈవెన్ బార్స్ బార్రాస్ అసిమేత్రికాస్, ప్యారలల్ బార్స్ పరలేలాస్, హారిజాంటల్ బార్ బార్రా ఫీహా. ఇవి ఎక్కడైనా అర్థమవుతాయి.

బట్టల దగ్గర మాత్రం జాగ్రత్త. ఇంగ్లీషు లియోటార్డ్‌ను మెక్సికోలో లెయొతార్దో అంటే సరిపోతుంది. స్పెయిన్‌లో లెయొతార్దోస్ అంటే చలికాలంలో పిల్లల కాళ్లకు తొడిగే మందపాటి మేజోళ్లు. అక్కడ జిమ్నాస్టు వేసుకునేది మయోత్. అర్జెంటీనాలో మాయా.

రొటీన్ అనే మాట కూడా అంతే. లాటిన్ అమెరికాలో రుతీనా బాగా వాడుకలో ఉంది. స్పెయిన్‌లో ఎహెర్సీసియో అంటారు. రుతీనా అంటే అక్కడివాళ్లకు రోజువారీ దినచర్యే ముందు గుర్తొస్తుంది. పోటీని ఇంగ్లీషులో మీట్ అంటారు. దాన్ని రెయునియోన్ అని రాస్తే తల్లిదండ్రులు స్కూలు మీటింగ్ అనుకుంటారు. స్పెయిన్‌లో కొంపెతిసియోన్, లాటిన్ అమెరికాలో కొంపెతెన్సియా.

అమెరికాలోని స్కూల్ కోసం పని చేస్తుంటే అక్కడి స్పానిష్ కుటుంబాలు ఎక్కువగా ఏ దేశం నుంచి వచ్చినవో అడగండి. టెక్సాస్ అయితే చాలావరకు మెక్సికో మాటలే సరిపోతాయి. ఫ్లోరిడాలో క్యూబా మాటలు కావలసి రావచ్చు. ఒకసారి ఒక దేశం ఎంచుకున్నాక చివరి పేజీ దాకా దానికే కట్టుబడాలి. ఒక పేజీలో బీగా, మరో పేజీలో బార్రా రాస్తే చదివేవాళ్లు రెండు వేర్వేరు పరికరాలనుకుంటారు.

రెండో పని: మాట చూడకండి, కదలిక చూడండి

ఇది అన్నిటికన్నా ముఖ్యం. అర్థం కాని ప్రతి మాటకూ వీడియో వెతికి చూడండి. నెమ్మదిగా తిప్పి చూడండి. ఆ మనిషి ముందుకు తిరుగుతోందా, వెనక్కా? చేతులు నేలకు ఆనాయా, లేదా? రెండు కాళ్ల మీద ఎగిరిందా, ఒక కాలి మీదా? మోకాళ్లు ముడిచిందా, చాపిందా? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పగలిగితే మాట దానంతటదే దొరుకుతుంది.

మనకు తెలుగులో పిల్లిమొగ్గ ఉంది. చాపమీద తలకిందులుగా దొర్లినా పిల్లిమొగ్గే, గాల్లో గిరగిరా తిరిగి కాళ్ల మీద దిగినా చాలామంది పిల్లిమొగ్గే అంటారు. జిమ్‌లో ఈ రెండూ పూర్తిగా వేరు. నేలమీద దొర్లేది ఇంగ్లీషులో రోల్. స్పెయిన్ పిల్లలు దాన్ని బొల్తెరేతా అంటారు. చేతులు ఆనకుండా గాల్లో తిరిగేది మొర్తాల్. మొర్తాల్ అంటే ప్రాణాంతకమైనది అని అసలు అర్థం. ప్రాణాంతకమైన దూకుడు అనే పాత సర్కస్ మాటలోంచి 'దూకుడు' రాలిపోయి 'ప్రాణాంతకం' మాత్రం మిగిలింది.

ఇక్కడే అనువాదకులు ఎక్కువగా చిక్కుకునే ముడి ఉంది. ఇంగ్లీషు నిబంధనల పుస్తకంలో గాల్లో తిరిగే విన్యాసాన్ని సాల్టో అంటారు. అది ఇటాలియన్ నుంచి వచ్చిన మాట. స్పానిష్‌లో సాల్తో ఉంది, స్పెల్లింగ్ కూడా అదే. అర్థం మాత్రం మామూలు దూకుడు. పైగా పరుగెత్తుకొచ్చి చేతులు ఆన్చి దూకే వాల్ట్ అనే పరికరం పేరు కూడా స్పానిష్‌లో సాల్తోయే. బీమ్ మీద రెండు కాళ్లతో ఎగిరే జంప్ కూడా సాల్తోయే. అంటే ఇంగ్లీషులోని డబుల్ సాల్టోను మీరు దోబ్లే సాల్తో అని రాస్తే, చదివే కోచ్‌కు రెండుసార్లు దూకడమో, వాల్ట్ రెండుసార్లు చేయడమో అనిపిస్తుంది. రాయవలసింది దోబ్లే మొర్తాల్.

కాబట్టి ఇంగ్లీషులో సాల్టో, ఫ్లిప్, సమర్‌సాల్ట్ కనిపిస్తే మొర్తాల్. వాల్ట్ కనిపిస్తే సాల్తో. జంప్ కనిపిస్తే సాల్తో. కాళ్లు బారుగా చాపి పరుగులో ఎగిరే స్ప్లిట్ లీప్ అయితే సంకాదా, అంటే పెద్ద అంగ. ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసి ఎదురుగా అంటించుకోండి. నేను అలాగే చేశాను.

ఇంత చిక్కూ ఉన్న ఇంకో జంట పిరువెట్, పిరువేతా. ఇంగ్లీషులో కమ్మీల మీద తలకిందులుగా చేతులపై నిలబడి తిరిగితే దాన్ని పిరువెట్ అంటారు. స్పెయిన్‌లో పిరువేతా అంటే గాల్లో ఉండగా శరీరం నిలువు అక్షం చుట్టూ తిరగడం, అంటే ఇంగ్లీషు ట్విస్ట్. నేలమీద ఒంటికాలిపై తిరిగేది గాని, చేతులపై తిరిగేది గాని స్పానిష్‌లో గిరో. దీన్ని హీరో అని పలుకుతారు, మన సినిమా హీరోలాగే. లాటిన్ అమెరికాలో గాల్లో తిరిగేదాన్ని కూడా గిరో అనేస్తారు. మొర్తాల్, పిరువేతా తేడా చూపడానికి నేను కొత్తవాళ్లకు పెన్సిల్ ఇస్తాను. పెన్సిల్ మొన కిందికి పైకి తిరిగితే అది మొర్తాల్. పెన్సిల్‌ను అరచేతుల మధ్య పెట్టి కవ్వంలా చిలికితే అది పిరువేతా.

ఎక్కడం దిగడం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఇంగ్లీషు మౌంట్, డిస్‌మౌంట్ అనే మాటలకు మూలం గుర్రం. స్పానిష్‌లో దెస్మొంతార్ అనే మాట ఉంది గానీ దానికి గుర్రం దిగడం, లేదంటే యంత్రాన్ని విడదీయడం అని అర్థం. జిమ్‌లో ప్రవేశం, నిష్క్రమణ అంటారు: ఎంత్రాదా, సలీదా. దిగిన తర్వాత నేలను అందుకోవడం రెసెప్‌సియోన్. అతెర్రిసాహే అనే మాట విమానాలకు బాగుంటుంది. కదలకుండా నిటారుగా దిగడాన్ని ఇంగ్లీషులో స్టిక్ అంటారు. స్పానిష్‌లో క్లబార్, అంటే మేకు దిగ్గొట్టడం. చదివినప్పుడల్లా ఆ చప్పుడు వినిపిస్తుంది నాకు.

ఇలా కదలికను చూసి రాసిన మాటలు పిల్లల నోట ఎంత అందంగా మారతాయో కూడా గమనించండి. చేతులపై నిలబడటాన్ని మెక్సికోలో పరాదా దే మానోస్ అంటారు. స్పెయిన్ జిమ్‌లో బెర్తికాల్ అంటారు, వీధిలో పిల్లలు మాత్రం 'పీనో చేద్దాం' అంటారు. పీనో అంటే నిటారుగా పెరిగే పైన్ చెట్టు. కార్ట్‌వీల్ స్పెయిన్‌లో ర్వేదా లతెరాల్, పక్కకు తిరిగే చక్రం. అర్జెంటీనాలో మెదియాలూనా, అర్ధచంద్రుడు. హారిజాంటల్ బార్ చుట్టూ నిలువుగా తిరిగే జెయింట్‌ను కొన్నిచోట్ల హిగాంతే అని ఉన్నది ఉన్నట్టే అంటారు. స్పెయిన్‌లో మొలీనో అంటారు, గాలిమర. ముందుకు చేతులు వేసి దూకే ఫ్రంట్ హ్యాండ్‌స్ప్రింగ్ స్పెయిన్‌లో పలోమా, అంటే పావురం. ఇలాంటి మాటల్లో కొన్ని మామూలు నిఘంటువులో ఇంగ్లీషు మాట ఎదురుగా దొరకవు. వీడియో కింద స్పానిష్ కోచ్ మాట్లాడుతుంటే వినాలి.

మూడో పని: రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టండి

అంతర్జాతీయ జిమ్నాస్టిక్స్ సమాఖ్యను ఫిగ్ అంటారు. 1881లో బెల్జియంలోని లియెజ్‌లో పుట్టింది, కార్యాలయం స్విట్జర్లాండ్‌లోని లౌసాన్‌లో ఉంది. అది ప్రతి ఒలింపిక్ చక్రానికీ, అంటే నాలుగేళ్లకోసారి, కోడ్ ఆఫ్ పాయింట్స్ అనే నిబంధనల పుస్తకం విడుదల చేస్తుంది. ఇంగ్లీషులోనే గాక స్పానిష్‌లోనూ వస్తుంది, అక్కడ పేరు కోదిగో దే పుంత్వాసియోన్. రెండూ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఏదైనా తేడా వస్తే ఇంగ్లీషు పాఠమే చెల్లుతుంది.

మనకు ఇక్కడ ఒక సదుపాయం ఉంది. పుస్తకంలో ప్రతి విన్యాసానికీ ఒక సంఖ్య ఉంటుంది, బొమ్మ ఉంటుంది. ఏ భాషలోనైనా సంఖ్య అదే, బొమ్మ అదే. ఇంగ్లీషు పుస్తకంలో మీకు కావలసిన విన్యాసం సంఖ్య చూసుకుని స్పానిష్ పుస్తకంలో అదే సంఖ్య దగ్గరికి వెళ్తే మాట చేతిలో పడుతుంది. నిఘంటువు తిరగేయడం కన్నా ఇది ఎంతో నమ్మకమైన దారి.

జడ్జిల కోసం, పోటీ నిర్వాహకుల కోసం రాసేటప్పుడు ఈ పుస్తకంలోని మాటలే వాడండి. తల్లిదండ్రుల కోసం, చిన్నపిల్లల కోసం రాస్తుంటే మాత్రం పుస్తకం మాట బరువైపోతుంది. అక్కడ జిమ్‌లో వినిపించే మాట కావాలి. కరపత్రంలో నిబంధనల భాష, జడ్జిల పత్రంలో వీధి భాష, రెండూ చెడగొట్టేవే.

శరీరం ఆకారాన్ని చెప్పే మూడు మాటలు ఈ పుస్తకంలో అడుగడుగునా వస్తాయి కాబట్టి ముందే నేర్చుకోండి. మోకాళ్లు ఛాతీకి ముడుచుకుంటే ఇంగ్లీషులో టక్, స్పానిష్‌లో అగ్రుపాదో. కాళ్లు చాపి నడుము దగ్గర మాత్రమే వంగితే పైక్, కర్పాదో. తల నుంచి పాదాల దాకా తిన్నగా ఉంటే లేఅవుట్, ఎక్స్‌తెందీదో. స్పెయిన్ కోచ్‌లు ఈ చివరిదాన్ని ఎన్ ప్లాంచా అని కూడా అంటారు. చేతుల బలంతో శరీరాన్ని నేలకు సమాంతరంగా నిలిపే ప్లాంచ్ కూడా స్పానిష్‌లో ప్లాంచాయే కాబట్టి, రాతలో ఎక్స్‌తెందీదో వాడటమే మంచిదని నా అభిప్రాయం.

కొన్నిచోట్ల మాటకు మాట సరిగ్గా సరిపోతుంది కూడా. వెనక్కి వంగి చేసే బ్రిడ్జ్ స్పానిష్‌లో ప్వేంతే, రెండూ వంతెనే. ఒంటికాలిపై ముందుకు వంగి రెండో కాలు వెనక్కి చాపే స్కేల్ స్పానిష్‌లో బలాన్సా, రెండూ తూచే త్రాసే. ఇవి సరిపోయాయని మిగతావన్నీ సరిపోతాయని అనుకోకండి. రిథమిక్ జిమ్నాస్టిక్స్‌లో క్లబ్స్ మాసాస్ అవుతాయి, అంటే గదల్లాంటివి. క్లూబెస్ అని రాస్తే క్రీడా సంఘాలైపోతాయి.

నాలుగో పని: వరస మార్చండి

ఇంగ్లీషులో విశేషణాలన్నీ ముందు పేర్చి అసలు పేరు చివర పెడతారు. తెలుగులోనూ అంతే కాబట్టి మనకు అది సహజంగా అనిపిస్తుంది, అందుకే మనం తప్పు చేసే అవకాశమూ ఎక్కువ. స్పానిష్‌లో అసలు విన్యాసం ముందు, తర్వాత దిక్కు, తర్వాత శరీరం ఆకారం, చివర ట్విస్ట్.

ఒక ఉదాహరణ కట్టి చూద్దాం. ఇంగ్లీషులో ఫుల్-ట్విస్టింగ్ డబుల్ బ్యాక్ టక్ అని ఉంది. అసలు విన్యాసం రెండుసార్లు తిరగడం: దోబ్లే మొర్తాల్. ఏ దిక్కు? వెనక్కి: అత్రాస్. ఆకారం? ముడుచుకుని: అగ్రుపాదో. ట్విస్ట్? ఒకటి: కోన్ పిరువేతా. మొత్తం కలిపితే దోబ్లే మొర్తాల్ అత్రాస్ అగ్రుపాదో కోన్ పిరువేతా. ఇంగ్లీషులో ఫుల్-ఇన్ అని మాత్రమే ఉంటే, ఆ ట్విస్ట్ మొదటి తిరుగుడులోనే పూర్తవుతుందని అర్థం. దాన్ని కూడా విడమరిచి 'మొదటిదానిలో పిరువేతాతో' అని రాయాలి. ఫుల్ అనే మాట చూసి నిండుగా అని అర్థం వచ్చే యేనో రాసినవాళ్లను చూశాను. అది ఎవరికీ అర్థం కాదు.

అమెరికా జిమ్నాస్టు సిమోన్ బైల్స్ 2019లో ఫ్లోర్ మీద చేసిన విన్యాసాన్ని ఇంగ్లీషువాళ్లు ట్రిపుల్-డబుల్ అన్నారు. మూడు ట్విస్టులు, రెండు సాల్టోలు. దాన్ని త్రిప్లే-దోబ్లే అని రాస్తే స్పానిష్ పాఠకుడికి బాస్కెట్‌బాల్ గుర్తొస్తుంది, ఆ ఆటలో అది స్థిరపడిన మాట. దోబ్లే మొర్తాల్ అత్రాస్ అగ్రుపాదో కోన్ త్రిప్లే పిరువేతా అని రాస్తే పొడుగైనా బొమ్మ కళ్లకు కడుతుంది.

లింగం విషయంలోనూ చూసుకోవాలి. మొర్తాల్ పుంలింగం కాబట్టి అగ్రుపాదో, కర్పాదో. బ్వెల్తా (చుట్టు), రొందాదా (కార్ట్‌వీల్ లాంటి విన్యాసం), సంకాదా స్త్రీలింగం కాబట్టి వాటి పక్కన కర్పాదా, ఎక్స్‌తెందీదా అవుతుంది. చేసేది అమ్మాయా అబ్బాయా అన్నదానితో సంబంధం లేదు. హిమ్‌నాస్తా మాత్రం ఆడ మగ ఇద్దరికీ ఒకటే, ముందున్న ఎల్, లా మాత్రమే మారతాయి.

మనుషుల పేర్లతో ఉన్న విన్యాసాలను అలాగే ఉంచండి. యుర్చెంకో, త్సుకహారా, బైల్స్ వంటివి ఏ భాషలోనైనా అవే. స్పెల్లింగ్ మాత్రం ఫిగ్ పుస్తకంలో ఉన్నట్టు రాయాలి, జడ్జిలు దానితోనే వెతుకుతారు. చదివేవాళ్లు కొత్తవాళ్లైతే మొదటిసారి వచ్చినప్పుడు వివరణ పక్కనే పెట్టండి. మనవాళ్లకు బాగా తెలిసిన ప్రొదునోవానే తీసుకుందాం. 2016 రియో ఒలింపిక్స్‌లో త్రిపుర అమ్మాయి దీపా కర్మాకర్ ఆ వాల్ట్ చేసి నాలుగో స్థానంలో నిలిచింది. మన పత్రికలన్నీ ఆ పేరు రాశాయి గానీ అదేమిటో విడమరిచినవి తక్కువ. స్పానిష్‌లో ఇలా విడమరుస్తారు: పలోమా కోన్ దోబ్లే మొర్తాల్ అదెలాంతే అగ్రుపాదో. చేతులు వాల్ట్ టేబుల్ మీద ఆన్చి ముందుకు లేచి, ముడుచుకుని ముందుకు రెండుసార్లు తిరగడం. ఒక్క వాక్యంలో వాల్ట్ మొత్తం కనిపిస్తుంది.

వాల్ట్ పేరు ఎత్తాను కాబట్టి దాని దశల పేర్లు కూడా రాసుకోండి, ఇవి కోచింగ్ పత్రాల్లో తరచూ వస్తాయి. పరుగు కర్రేరా. స్ప్రింగ్ బోర్డు ఎక్కే ముందు వేసే చిన్న గెంతును ఇంగ్లీషులో హర్డిల్ అంటారు, స్పానిష్‌లో అంతెసాల్తో. బాయా అంటే పరుగుపందెంలో దాటే అడ్డుపట్టీ, దాన్ని ఇక్కడికి తేకండి. బోర్డు మీద కాళ్లతో కొట్టడం బతీదా. టేబుల్ చేరేదాకా ప్రిమేర్ బ్వేలో (మొదటి ఎగురుడు), చేతులతో నెట్టుకోవడం రెపుల్‌సియోన్, ఆ తర్వాతిది సెగుందో బ్వేలో (రెండో ఎగురుడు), చివరికి రెసెప్‌సియోన్. ఆ బోర్డు స్పెయిన్‌లో త్రంపొలీన్. ఇంగ్లీషు ట్రాంపొలిన్ అనే ఎగిరే వల స్పానిష్ జిమ్‌లో కామా ఎలాస్తికా, సాగే మంచం. ఈ రెండూ తారుమారైతే వాల్ట్ దగ్గర ఏ పరికరం పెట్టాలో తెలియక తికమక పడతారు.

అయిదో పని: కోచ్ గొంతు వినండి

పిల్లలకు ఇచ్చే సూచనల్లో ఎవరిని ఎలా పిలుస్తున్నామో తేల్చుకోవాలి. మనకు నువ్వు, మీరు తేడా ఉన్నట్టే స్పానిష్‌లో తూ, ఉస్తేద్ ఉన్నాయి. 'కాళ్లు చాపు' అనడానికి స్పెయిన్‌లో, మెక్సికోలో ఎస్తీరా అంటారు. అర్జెంటీనాలో తూ బదులు బోస్ వాడతారు, అక్కడ ఇదే మాటను చివరి అక్షరం మీద ఊని పలుకుతారు, రాతలో ఆ అక్షరం మీద గుర్తు పెడతారు. గౌరవంగా చెప్పాలంటే ఎస్తీరే. కొలంబియాలో పిల్లలతో కూడా ఉస్తేద్ వాడే ఇళ్లు, బడులు చాలా ఉన్నాయి. నాన్నగారు కొడుకుని ప్రేమగా మీరు అన్నట్టుగా ఉంటుంది అది.

పాదం కొస చాపమని ఇంగ్లీషు కోచ్‌లు రోజుకు వందసార్లు చెబుతారు. ఆ మాటను వేళ్లు గురిపెట్టమని మార్చితే పిల్లలు చేతి వేళ్లు చూపిస్తారు. ఎందుకంటే దేదోస్ అంటే చేతివేళ్లూ, కాలివేళ్లూ రెండూ, మన వేళ్లు అనే మాటలాగే. స్పానిష్ కోచ్ ఎంపేయ్‌నే చాచమంటారు, అంటే పాదం పైభాగపు వంపు. లేదంటే పూంతాస్ అని ఒక్క అరుపు అరుస్తారు, కొసలు అని.

పట్టుకోవడం గురించి కూడా రెండు మాటలున్నాయి. కమ్మీని చెయ్యి ఎలా పట్టుకుందో చెప్పే గ్రిప్ స్పెయిన్‌లో ప్రేసా, లాటిన్ అమెరికాలో తోమా. చేతికి తొడుక్కునే తోలు గ్రిప్స్ మాత్రం కయేరాస్. ఇది కాయో అనే మాట నుంచి వచ్చింది. కాయో అంటే అరచేతిలో గట్టిపడిన చర్మం. మనం 'చేతులు కాయలు కాశాయి' అంటామే, ఆ కాయే. రెండు భాషలకూ ఏ చుట్టరికమూ లేదు, అయినా తెలుగువాళ్లకు ఈ మాట ఒక్కసారి వింటే మరిచిపోవడం ఉండదు.

పక్కన నిలబడి పట్టుకోవడాన్ని ఇంగ్లీషులో స్పాట్ అంటారు. దానికి స్పానిష్‌లో అయూదా, సాయం. స్పాట్‌కు మచ్చ అని, చోటు అని కూడా అర్థాలున్నాయి కాబట్టి యంత్ర అనువాదం ఇక్కడ తడబడవచ్చు. ఈ ఒక్క మాట ఎక్కడ వచ్చినా మీ కళ్లతో చూసి సరిచేయండి. 'సాయం లేకుండా చేయకూడదు' అనే వాక్యం తప్పుపోతే దాని ఫలితం పిల్లల మెడల మీద పడుతుంది.

ఆరో పని: అంకెలు

ఇంగ్లీషులో దశాంశానికి చుక్క పెడతారు. స్పెయిన్, అర్జెంటీనా, కొలంబియా, చిలీలలో కామా పెడతారు. మెక్సికోలో చుక్కే. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో కొలంబియా కుర్రాడు ఆంహెల్ బరాహాస్ బార్రా ఫీహాలో రజతం గెలిచాడు, స్కోరు 14.533. కొలంబియా పాఠకుల కోసం రాస్తే అది 14,533 అవుతుంది. స్వర్ణం గెలిచిన జపాన్ ఆటగాడి స్కోరు కూడా అంతే, ఎంత శుభ్రంగా చేశారో చూసి ఇచ్చే ఎగ్జిక్యూషన్ మార్కులే ఇద్దరినీ విడదీశాయి. స్పానిష్‌లో ఆ మార్కులను నోతా ఎ అంటారు, కష్టానికి ఇచ్చేవి నోతా దె.

కొలతలు రెండుసార్లు చూడండి. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో అన్ని పరికరాల మీదా పోటీపడే మహిళల ఆల్-అరౌండ్ పోటీ మధ్యలో వాల్ట్ గుర్రం అయిదు సెంటీమీటర్లు తక్కువ ఎత్తులో ఉందని బయటపడింది. అప్పటికే కొందరు అమ్మాయిలు పడిపోయారు. అయిదు సెంటీమీటర్లే. పరికరాలు బిగించే సూచనలను అనువదిస్తున్నప్పుడు ఆ సంగతి గుర్తొచ్చి నేను ప్రతి అంకెనూ వేలు పెట్టి చదువుతాను.

ఏడో పని: చదివించండి, రాసుకోండి

పని అయ్యాక ఆ దేశపు కోచ్‌కో, లేకపోతే ఆడి మానేసిన జిమ్నాస్టుకో పంపి గట్టిగా చదవమనండి. తప్పులు దిద్దమని అడగవద్దు. 'ఇది చదివి నేను ఏం చేయాలో చేతులతో చూపించండి' అని వీడియో కాల్‌లో అడగండి. వాళ్ల చెయ్యి గాల్లో ఎటు తిరిగితే మీ వాక్యం అటు చెప్పినట్టు. మీరు అనుకున్న వైపు తిరగకపోతే అక్కడ మాట మార్చాలి. నాకు ఇంతకన్నా నమ్మకమైన పరీక్ష దొరకలేదు.

తేలిన మాటలన్నీ ఒక ఎక్సెల్ ఫైలులో పెట్టుకోండి. ఇంగ్లీషు మాట, స్పెయిన్ మాట, మెక్సికో మాట, అర్జెంటీనా మాట, ఫిగ్ సంఖ్య, వీడియో లింకు. చివర ఇంకో గడిలో ఏ కోడ్ చక్రం నుంచి తీసుకున్నారో రాయండి. ఇప్పుడు నడుస్తున్నది 2025 నుంచి 2028 దాకా చెల్లేది. కొత్త పుస్తకం రాగానే ఆ గడి చూసి, పాత చక్రం పేరున్న వరసలన్నీ ఒక్కొక్కటిగా సరిచూసుకోండి.